రూత్ కొట్టిన దెబ్బ

"ఇంగా తలుపు తీయలేదా ఆ పిల్ల?"

వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్న జ్ఞానప్రకాశం పొద్దుటి నుంచి అదే మాట అడుగుతున్నాడు.

"తీసింటే నీకు కనపడదా? ఆ తలుపుకు ఎదురుంగనే కూర్చోనుండావు గదా," అంది దేవమ్మ వంటింట్లోంచి.

వాళ్ళ కూతురు లూదియా ఆ తలుపు దగ్గరికి పోయింది. రాత్రి రూత్ గది ముందు పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. మూత తీసి చూసింది. జొన్నరొట్టె అంచులు ఎండి పైకి లేచాయి. కంచం తీసుకుని వంటింట్లోకి పోయింది.

వీధి చివర మిషన్ బడి గంట మోగింది. శనివారం ఒంటిపూట బడి. గంట మోగినా హెడ్మాస్టరైన నాయన కుర్చీలోంచి లేవకపోవడం లూదియాకు తెలిసి ఇదే మొదలు.

"ఒక్క దెబ్బ," అన్నాడు జ్ఞానప్రకాశం. "ఒక్క చెంపదెబ్బకు ఇంత రాద్ధాంతమేందీ? కొట్టినామె తలుపేసుకునె. తిన్న పిల్ల పారిపాయె. ఇన్నేండ్ల నుంచి బడి నడుపుతాండా, ఇట్లాంటిది యాడా చూళ్లే."

నిన్న మధ్యాహ్నం ఏడో తరగతిలో, ఇంగ్లీషు పాఠం మధ్యలో, రూత్ జీవమ్మ అనే పిల్లను చెంప మీద కొట్టింది. ఎందుకు కొట్టిందో క్లాసులో పిల్లలెవరూ చెప్పడం లేదు. రూత్ కూడా చెప్పలేదు. కొట్టి, పుస్తకం బల్ల మీదే వదిలేసి, నడుచుకుంటూ ఇంటికొచ్చి గడియ పెట్టుకుంది. సాయంత్రం, పిల్లలుండే బోర్డింగులో అన్నాలకు కూర్చునే వేళకు జీవమ్మ కనపడలేదు. బావులు చూశారు, తోట వెతికారు. దీపాలు పెట్టాక బస్సు కండక్టరొకాయన కబురు తెచ్చాడు, పిల్ల ఆళ్లగడ్డలో దిగి వాళ్ళింటికి చేరిందని. అప్పటిదాకా దేవమ్మ మంచినీళ్ళు ముట్టలేదు.

చిత్రమేమిటంటే ఆ బడిలో దెబ్బ తినని పిల్ల లేదు. హెడ్మాస్టరు గదిలో మూలన చింతబరికలు ఎప్పుడూ పచ్చిగానే ఉంటాయి. చెయ్యెత్తని మనిషి రూత్ ఒక్కతే. జూన్‌లో వచ్చిన వారానికే టీచర్లందరి ముందూ లేచి నిలబడి, కొట్టకుండా కూడా చదువు చెప్పవచ్చని చెప్పింది. టీచర్లు తలలూపారు, టీ తాగారు, క్లాసులకు పోయి ఎప్పటిలాగే కొట్టారు.

పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఇంగ్లండులో స్కూలు చదువు అయ్యాక, కాలేజీలో చేరేలోపు, ఒక ఏడాది ఖాళీ పెట్టుకుని పరాయి దేశాల బడుల్లో పనిచేసి పోయేవాళ్ళు కొందరుంటారట. జీతం లేదు. తిండి, ఉండడానికి గది. ఈ సంగతి నంద్యాలలో ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. "ఏం తప్పు జేసిందో, ఇంత దూరం తోలినారు," అనుకున్నారు చర్చిలో ఆడవాళ్ళు.

లూదియాకు కూడా ఇది ఖాళీ ఏడాదే. ఇంటరు పాసయ్యాక టైఫాయిడ్ వచ్చి, కర్నూలు కాలేజీలో చేరే గడువు దాటిపోయింది. కానీ తర్వాత తర్వాత రూత్ ఏడాదిని సేవ అన్న నోళ్ళే తన ఏడాదిని చూసి, "పిల్ల ఊరకే ఉండాదా?" అని అడుగుతాయి.

గడియ తీసిన చప్పుడైంది.

రూత్ నిన్నటి బట్టలతోనే బయటికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. భుజాన గుడ్డసంచి ఉంది.

జ్ఞానప్రకాశం లేచి నిలబడ్డాడు. "ఇంగ్లండుకు పోతాదా ఏంది?" అన్నాడు కూతురితో, గొంతు తగ్గించి.

"నేను ఆళ్లగడ్డ పోతా. జీవమ్మ ఇల్లు," అంది రూత్ తెలుగులో. తర్వాత ఆయనవైపు తిరిగి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. తాను చేసింది తప్పు. జీవమ్మకూ వాళ్ళ నాన్నకూ క్షమాపణ చెప్పి వస్తుంది. ఎవరైనా దారి చూపిస్తే చాలు.

ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. అయినా జవాబు తెలుగులో, కూతురికి చెప్పాడు.

"టీచరు పొయ్యి పిల్లకు తప్పయిందని జెప్పేదా? సోమవారం నేను బరిక పట్టుకుంటే పిల్లోల్లు నా మొగం చూసి ఏమనుకుంటారు? ఈమెకేం, ఎండాకాలం పోతే విమానమెక్కుతాది. బడి నడపాల్సింది నేను."

"ఏమంటున్నారు?" అడిగింది రూత్.

"వద్దంటున్నాడు."

"ఎందుకు?"

"ఎందుకని అడుగుతాంది నాయనా."

"ఎందుకా? నన్ను పాములపాడులో మా అయ్యవారు వాతలు తేలేటట్టు కొట్టినాడు. కొట్టినాడు గాబట్టే మా నాయన మాదిరి కూలికి పోకుండా ఈ కుర్చీలో కూర్చున్నా. ఆయప్ప నా దగ్గరికొచ్చి తప్పయిందని జెప్పింటే నాకు సదువు మీద భయమే పోతాండె."

దేవమ్మ చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది. "భయం పోతే సదువు పోతాదా?"

"నీకు తెల్దు. గమ్మునుండు."

"గమ్మునే ఉండా. ఆ బిడ్డ బావిలో పడిందేమోనని అందరూ లాంతర్లు పట్టుకోని తిరుగుతాంటే గూడా గమ్మునే ఉన్నా."

వీధిలో ఎవరో ఎద్దులను అదిలించుకుంటూ పోయారు.

"లూదియా, చెప్పులేసుకో," అంది దేవమ్మ. "పొయ్యి ఆ పిల్ల ఎట్లుందో కండ్లతో చూసి రా. ఈమె జెప్పుకుంటాదో, ఊరకుంటాదో, అది ఈమె ఇష్టం."

జ్ఞానప్రకాశం ఔననలేదు, కాదనలేదు. గొడుగు తీసుకుని బడికి పోయాడు. ఆ ఇంట్లో ఆయన మౌనానికి అర్థం సాయంత్రానికి గానీ తేలదు.

* * *

బస్సులో పక్కన గాజులమ్మే జాన్‌బీ కూర్చుంది. ఒడిలో బుట్ట పెట్టుకుని, నంద్యాల దాటేదాకా రూత్‌నే చూసింది.

"ఈయమ్మ ఎవురు పాపా?"

"మా బళ్ళో టీచరు."

"పెండ్లయిందా?"

"లేదు."

"నాయన ఉండాడా?"

"ఉండాడు."

"ఉండి గూడా ఇంత దూరం తోలినాడా," అని జాన్‌బీ నొచ్చుకుంది. రూత్ చెయ్యి అందుకుని, వేళ్ళు దగ్గరికి మడిచి, కణుపులు నొక్కి చూసింది. "ఎముక మెత్తది. చిన్న గాజులే ఎక్కుతాయి."

ఆ మాట లూదియా ఇంగ్లీషులో చెబితే రూత్ నవ్వింది. నిన్నటి నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు చూసి లూదియాకు ధైర్యం వచ్చింది.

"ఎందుకు కొట్టావు?"

రూత్ కిటికీవైపు తిరిగింది. నల్లరేగడి పొలాల్లో శనగ పీకుతున్నారు. "నన్ను అనుకరించి చూపించింది," అంది.

"అంతేనా? ఆ పిల్ల అందరినీ చేసి చూపిస్తుంది. మా నాన్న దగ్గును కూడా."

"ఇది దగ్గు కాదు," అంది రూత్.

శిరివెళ్ల దాటాక, "క్షమాపణ తెలుగులో ఎలా చెప్పాలి?" అని అడిగింది.

లూదియా వెంటనే చెప్పలేకపోయింది. 'క్షమించండి' అనే మాట ఉంది గానీ అది చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు, లేదా రేడియో నాటకాల్లో. ఇంట్లో ఒకరికొకరు అలా చెప్పుకోవడం తను పుట్టాక వినలేదు. అమ్మకు కోపం తగ్గితే కంచంలో ఇంకో రొట్టె వేస్తుంది. నాయనకు తగ్గితే చదువు సంగతి అడుగుతాడు. మరి జనం నోట నిజంగా వినపడే మాట ఏది? 'తప్పయింది.' అది కూలివాడు రెడ్డికి చెబుతాడు. బరిక కింద చెయ్యి చాపిన పిల్ల చెబుతుంది. పైనుంచి కిందికి ఆ మాట రావడం లూదియా ఎప్పుడూ చూడలేదు.

అయినా అదే నేర్పింది.

"తప్పాయింది," అంది రూత్.

"తప్పయింది."

"తప్పయిందీ."

జాన్‌బీ ముందుకు వంగింది. "ఏం తప్పు జేసిందంట పాపం?"

* * *

జీవమ్మ తండ్రి పుల్లయ్య ఇల్లు ఆళ్లగడ్డ ఊరి చివర, పేటలో ఉంది. ఇంటి ముందు పీకి తెచ్చిన పచ్చిశనగ చెట్లు కుప్పగా పడి ఉన్నాయి. తెల్లమ్మాయిని చూడగానే పుల్లయ్య ఎగగట్టిన పంచె కిందికి వదిలాడు. లోపల్నుంచి నులకమంచం తెచ్చి దుప్పటి పరిచాడు.

"సారు పంపించినాడామ్మా? పిల్ల పేరు కొట్టేసినాడా?"

"లేదన్నా. ఈమె నీతో ఒక మాట జెప్పాలని వచ్చింది," అంది లూదియా.

రూత్ మంచం మీద కూర్చోలేదు. చేతులు జోడించి, ఆయన కళ్ళలోకి చూస్తూ, "తప్పయింది," అంది.

పుల్లయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "అంత మాటెందుకమ్మా. నువ్వట్ల అనకూడదు. పాపా, ఆయమ్మను అట్ల అనొద్దని జెప్పు. సారుకు తెలిస్తే ఏమన్నా ఉందా?" అని లూదియా వైపు తిరిగాడు. "బోర్డింగులో ఏసిన నాడే సారుకు జెప్పినా. కండ్లు రెండూ ఇడిసిపెట్టి యాడన్నా కొట్టండి సారూ, నా బిడ్డ నాలుగక్షరాలు నేరిస్తే చాలు అని. ఒకటి కొట్టినందుకే ఇంత దూరం వస్తారా? ఇంగో రెండు పీకండి."

రూత్ లూదియా వైపు చూసింది. లూదియా ఉన్నదున్నట్టు చెప్పింది. రూత్ చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాటిని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచి, దించుకుంది.

"పిల్ల యాడుంది?" అని అడిగింది లూదియా.

జీవమ్మ ఇంటి వెనక మూడు రాళ్ళ పొయ్యి ముందు కూర్చుని శనగకాయలు కాలుస్తోంది. లూదియా ముందు ఒంటరిగా పిల్ల దగ్గరికి పోయింది. చెంప మీద ఏ గుర్తూ లేదు. చేతులు మసి.

"ఏం జేసి చూపించినావే, ఆమెకంత కోపమొచ్చింది?"

"చూపిస్తే కొట్టవు గదా?"

"కొట్టను."

జీవమ్మ చేతులు దులుపుకుని రోటి అంచు మీద కూర్చుంది. లంగా కొస తీసి నోట్లో కుక్కుకుంది. తల వంచింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, చప్పుడు లేదు. కొంతసేపటికి గుడ్డ తీసి, కళ్ళు తుడుచుకుని, వీపు నిటారుగా చేసి లేచింది. మొహం మీదికి ఒక నవ్వు తెచ్చుకుంది. అచ్చం రూత్ నవ్వు. "గుడ్ మార్నింగ్ గర్ల్స్," అంది.

మొదట లూదియాకు నవ్వొచ్చింది. అది మధ్యలోనే ఆగిపోయింది.

"ఇది యాడ చూసినావు?"

"పొద్దున్నే ఉడుకునీళ్ళు తీస్కపోతా గదక్కా. కిటికీలోంచి కనపడతాది. దినామూ కాదు. ఆదివారమైతే ఎక్కువ."

ఆ గదికీ తన గదికీ మధ్య ఒక్కటే గోడ. లూదియా ఇన్ని నెలలూ ఆ గోడకు తల ఆనించి పడుకుంది.

జీవమ్మ మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది. వెనక అడుగుల చప్పుడైంది. రూత్ వచ్చి పొయ్యి పక్కన గొంతుక్కూర్చుంది. ఇప్పుడు ఆమె కళ్ళు, జీవమ్మ కళ్ళు సమానంగా ఉన్నాయి.

"తప్పయింది జీవమ్మా."

జీవమ్మ ఆమెను పైకీ కిందికీ చూసింది. భయం లేదు, కోపం లేదు. ఊళ్ళోకి కొత్తగా వచ్చినదాన్ని చూసినట్టు చూసింది.

"మెల్లగనే పడిందిలే అక్కా," అంది.

"మరెందుకు పారిపోయి వచ్చినావు?" అంది లూదియా.

"ఈ అక్క కొట్టిందని రాలే. నా వల్లే ఈ అక్క వాళ్ళ దేశం ఎల్లిపోతాదని అందరూ అనిరి. సారుకు తెలిస్తే బరికలు ఇరిగేదాకా కొడతాడని వచ్చిన." కాల్చిన కాయలు నాలుగు తీసి రూత్ అరచేతిలో పెట్టింది. ఆ తర్వాత ఏదో కొత్త సంగతి తోచినట్టు తలెత్తింది. "ఈ అక్క ఒక్కసారి కొట్టి, బస్సెక్కి ఇంత దూరం వచ్చిందే. మరి నన్ను కొట్టిన సారు ఎందుకు ఎప్పుడూ రాలే? ఆయన ఇల్లు బోర్డింగు పక్కనే గదా."

ఎత్తిపొడుపు కాదు అది. తెలియనిది టీచరును అడిగే గొంతు.

"నోరు ముయ్యి," అన్నాడు పుల్లయ్య వెనక నుంచి. "సోమవారం నేనే తీస్కొచ్చి ఇడుస్తానమ్మా. సారుకేం జెప్పొద్దు."

"ఏమడిగింది?" అంది రూత్.

"పరీక్షలు ఎప్పుడని," అంది లూదియా.

బస్టాండు దారి పట్టాక జీవమ్మ వెనకే పరుగెత్తుకొచ్చింది. "అక్కా, సారును అడిగి జెప్తావా?"

"జెప్తా," అంది లూదియా. ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ దాని బరువు తెలియలేదు.

* * *

తిరుగు బస్సు ఖాళీగా ఉంది. రూత్ శనగకాయలు ఒలుచుకుంటూ, "పరీక్షల సంగతి కాదు," అంది.

లూదియా ఉలిక్కిపడింది.

"'సారు ఎందుకు రాలే' అంది. 'సారు' తెలుసు. 'ఎందుకు' తెలుసు. 'రాలే' కూడా తెలుసు. తొమ్మిదో తరగతి పిల్లలు హోంవర్కు తేనప్పుడు చెప్పేది అదే కదా, పుస్తకం రాలే."

లూదియా అది 'రాలే' కాదు, 'తేలే' అని దిద్దబోయి ఊరుకుంది. ఎలా చూసినా రూత్‌కు అర్థమయింది.

"నువ్వు ఏడుస్తావా?" అని అడిగింది లూదియా.

"మొదట్లో ఎక్కువ. ఇప్పుడు తక్కువే."

"గోడ తట్టవచ్చు కదా."

"తడితే ఏం చేసేదానివి?"

లూదియా ఆలోచించింది. "తెలీదు. వచ్చి పక్కన కూర్చునేదాన్ని."

రూత్ ఒలిచిన గింజల్లో సగం ఆమె చేతిలో పోసింది.

* * *

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. జ్ఞానప్రకాశం వసారాలో అదే కుర్చీలో ఉన్నాడు. రూత్ ఆయనకు తలవంచి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

"పిల్ల బాగుందా?"

"బాగుంది నాయనా."

"పుల్లయ్య ఏమన్నాడు?"

"ఇంగో రెండు పీకమన్నాడు."

ఆయన దేవమ్మ వైపు చూశాడు. "ఇన్నావా? తండ్రి అన్న మాట అది. నేను పొద్దున జెప్పింది అదే గదా."

దేవమ్మ కాఫీ గ్లాసు తెచ్చి కూతురి చేతికిచ్చింది. లూదియా అక్కడితో ఆగిపోవచ్చు. పుల్లయ్య కూడా చెప్పొద్దనే అన్నాడు. నాయన ముఖంలో నిన్నటి నుంచి లేని నెమ్మది వచ్చింది. దాన్ని అలా ఉండనిస్తే ఇల్లు రాత్రికి చల్లబడుతుంది.

"జీవమ్మ ఒక మాట అడిగింది నాయనా. నిన్ను అడిగి జెప్తానని వచ్చిన."

"ఏందీ?"

లూదియా గ్లాసు కింద పెట్టింది. జీవమ్మ అన్న మాటలే, మార్చకుండా చెప్పింది.

వంటింటివైపు పోతున్న దేవమ్మ ఆగిపోయింది.

కోపం వస్తుందనుకుంది లూదియా. అందుకు సిద్ధపడే చెప్పింది. కోపం రాలేదు.

"నేనా?" అన్నాడు జ్ఞానప్రకాశం. "జీవమ్మనా?"

"అవును నాయనా."

"ముందు వరసలో కూర్చుంటాది, ఆ పిల్లేనా? పద్యం బాగా జదువుతాది గదా." ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. "ఎప్పుడు కొట్టినా?"

"అడగలే."

"ఎందుకు కొట్టినా?"

ఆ ప్రశ్న ఆమెను అడిగినట్టు లేదు. ఆయన వీధిలోకి చూస్తూ వెతుకుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. చూస్తూ ఉన్న లూదియాకు తెలిసింది, నాయనకు గుర్తు లేదు. ఎంత వెతికినా దొరకడం లేదు.

బోర్డింగులో సాయంత్రం ప్రార్థన గంట మోగింది. ఆయన లేచి మెట్టు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఆళ్లగడ్డకు పొద్దున ఫస్టు బస్సు ఎప్పుడు?" అని అడిగాడు, వెనక్కి తిరగకుండా.

"రేపు ఆదివారం," అంది దేవమ్మ. "చర్చిలో వాక్యం నువ్వే జదవల్ల."

ఆయన మెట్టు మీది నుంచి వెనక్కి తిరిగాడు.

"ఏం జెప్పనీకి పోతాండావ్? పుల్లయ్యను కోప్పడనీకా?" అంది దేవమ్మ.

ఆయన ఇద్దరి మధ్య నుంచి నడిచి లోపలికి పోయాడు. బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.

రూత్ తడి మొహంతో పెరట్లోంచి వచ్చింది. తల్లినీ కూతురినీ మార్చి మార్చి చూసింది.

"ఏమన్నారు మీ నాన్న?"

"బస్సు ఎప్పుడని అడిగాడు."

"ఎందుకు?"

పొద్దుటి నుంచి అందరి మాటా అందరికీ చెప్పిన లూదియా లోపలి గదివైపు చూసింది.

"తెలీదు," అంది.